నోబు గీసిన కిటికీలు

ఒసాకా,
వానాకాలం.

అమ్మకు,

ఫుమికో నమస్కారాలు. ఇక్కడ మిగిలినవాళ్ళం క్షేమంగానే ఉన్నాం. నువ్వు పంపిన ఎండుచేపలు అందాయి. మోకాలికి పట్టీ వేసుకోకుండా రేవుకు వెళ్ళకు. తడినేల మీద నిలబడి చేపలు ఏరే పని నీకిక వద్దంటే వినవు.

పక్కింటి మోరినోగారు చూపించిన పత్రికలో తమ్ముడి ఆటల గురించి రాసింది నిజమేనా అని అడిగావు. ‘మంచుదారి’ వీడియో గేములన్నిటిలో దాచిన వింతలు వెతికి ఆ పత్రికకు రాసేవాళ్ళు చాలామందే ఉన్నారమ్మా. రెండోదాంట్లో బావిలోకి తొంగిచూస్తూ కదలకుండా ఉంటే లోపల ఎవరో దగ్గుతారట. మూడోదాంట్లో రేవు పిల్లికి తోక పొడుగైందట. అవన్నీ నిజమే. వాళ్ళకు అంతుపట్టనిది ఒక్కటే. వీధిలో ఎండ మండిపోతున్నా, ఏ ఇంట్లోకి వెళ్ళినా కిటికీ బయట చీకటే. అందుకని అది చచ్చినవాళ్ళ ఊరని తేల్చారు. అది మాత్రం నిజం కాదు. ఆ ఇళ్ళన్నీ గీసింది మన నోబు.

వాడి పక్క బల్ల దగ్గర పనిచేసిన ఇనడా మొన్న ఇంటికొచ్చాడు. నోబు ఫోటో ముందు అగరుబత్తి వెలిగించి చాలాసేపు లేవలేదు.

“ఇల్లు గీయడం అయిపోగానే ఆఫీసు కిటికీలోంచి చూసేవాడక్కా. బయట ఆకాశం ఎలా ఉంటే అలాగే వేసేవాడు. ‘ఒక్క ఇంటికైనా పగలు వెయ్యరా, పిల్లలు జడుసుకుంటారు’ అని ఏడిపించేవాణ్ణి. ‘పగటిపూట ఒక్కటైనా పూర్తి చేయనిస్తే వేస్తాలే’ అని నవ్వేవాడు.”

“ఈ మాట కార్మిక శాఖవాళ్ళ ముందు చెప్తావా?” అని అడిగాను.

తల దించుకున్నాడు. “పిల్లలు చిన్నవాళ్ళక్కా. నాలుగో ఆట మొదలైంది. నన్ను మన్నించు.”

పోసిన టీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు. అతని మీద కోపం రాలేదు. అతని కళ్ళు కూడా నోబు కళ్ళలాగే గుంటలు పడి ఉన్నాయి.

మర్నాడు ఆట పెట్టెను గుడ్డలో చుట్టుకుని, వాడి ప్రాణం తీసింది రాత్రింబవళ్ళ పనేనని చెప్పడానికి నేనే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి పెద్దాయన పాపం ఓపిగ్గానే చూశాడు. ఒక్కో ఇంట్లోకీ తీసుకెళ్ళి ఒక్కో కిటికీ చూపించాను.

“మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఇది బొమ్మ. ఆయన రోజూ సాయంత్రమే ఇంటికి వెళ్ళారని కంపెనీ రాసిచ్చింది. గుండెపోటు ఎవరికైనా రావచ్చు. చెప్పే మనిషి ఎవరైనా ఉన్నారా?”

ఉన్నారు. ఆ మాట అక్కడ అనలేక ఇంటికొచ్చాను.

అమ్మా, ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచింది ఇప్పుడు రాస్తున్నాను. రోజూ తెల్లారకముందే, నువ్వు రేవుకు బయలుదేరేముందు నోబు ఫోన్ చేసేవాడు కదా. “ఇప్పుడే లేచానమ్మా” అనేవాడు. పట్నం వెళ్ళాక నా కొడుక్కి బద్ధకం వదిలిందని రేవంతా చెప్పుకున్నావు. వాడు లేవలేదమ్మా. అసలు పడుకోనే లేదు. ఆ ఫోన్ ఆఫీసుది. అంత్యక్రియల రోజే నాకు తెలిసింది. ఆ మాటలు తలుచుకునే నువ్వింకా పొద్దున్నే లేవగలుగుతున్నావు. వాటిని కూడా నీ దగ్గర్నుంచి లాక్కోలేకపోయాను.

వాడి గొంతు వెనక మనుషుల మాటలు వినిపించేవని, ‘అప్పుడే టీవీ పెట్టావేంట్రా’ అని మందలించానని ఒకసారి నువ్వే అన్నావు. ఆ సంగతి నువ్వు వచ్చి కార్మిక శాఖవాళ్ళకు చెప్పాలి. నువ్వు తప్ప ఇంకెవరూ లేరు. రాలేనంటే బలవంతం చేయను. వస్తానంటే ఓడ దిగేచోట నిలబడి ఉంటాను.

వాళ్ళు మెత్తగా అడగరు. కొడుకు నిద్రపోవడం లేదని కన్నతల్లికి తెలియలేదా అంటారు. తెలియలేదని చెప్పు. వాడు తెలియనివ్వలేదని చెప్పు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
ఫుమికో