అన్నీ ఎడమ చేతులే

ప్రియమైన అక్కకు,

నేను క్షేమం. నిన్న కటింగ్ బల్ల దగ్గర మాత్రం కొంప మునిగింది. నూట ఇరవై నర్సు కోట్లకు చేతులు కత్తిరించాను. సగం అయ్యాక నమూనా అట్ట తిరగేసి గీయాలి, మర్చిపోయాను. అన్నీ ఎడమ చేతులే. ఆ గుడ్డ మళ్లీ రావడానికి వారం పడుతుంది.

"ఎవరి పని ఇది?" అంది యజమానురాలు. నేను వంగి కింద పడ్డ ముక్కలు ఏరుతున్నాను. మా కటింగ్ మేస్త్రీ కళ్లజోడు తుడుచుకుంటూ, "నాదేనమ్మా, నేనే గీశాను," అన్నాడు. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషిని బొత్తాల గదికి పంపేసింది. నేను చేరి నాలుగు నెలలే. నిజం తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. చెప్పేయమంటావా?

నీ చిట్టి

ప్రియమైన చిట్టీ,

నోరు మూసుకుని పని నేర్చుకో. పెద్దాయన కావాలని కాపాడాడు, ఇప్పుడు చెప్తే ఆయనా అబద్ధాలకోరు అవుతాడు. పదిహేనేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో మనుషుల్ని చూస్తున్నాను. ఇలాంటివి నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు. వేళకు తిను.

నీ మేలు కోరే అక్క

ప్రియమైన అక్కకు,

నెల రోజులు నీ మాట విన్నాను. మేస్త్రీ రోజూ భోజనాల వేళ నా బల్ల దగ్గరకొచ్చి అట్ట ఎప్పుడు తిప్పాలో చూపిస్తున్నాడు. ఆ రోజు ఊసే ఎత్తడు. మొన్న ఎవరో ఆయన్ని "బొత్తాల మేస్త్రీ" అన్నారు. ఆయన నవ్వేశాడు. అన్నం గిన్నె మూసేశాను. లేచి వెళ్లి యజమానురాలికి చెప్పేశాను.

"ఇది చెప్పడానికి నెల పట్టిందా?" అంది. ఆయన్ని బల్ల దగ్గరకు పిలిచింది, నన్ను బొత్తాల గదికి పంపింది. ఉద్యోగం మాత్రం ఉంది. మేస్త్రీ, "నిన్నెవరు చెప్పమన్నారు?" అని కసిరాడు. మళ్లీ తనే, "మధ్యాహ్నం బల్ల దగ్గరకు రా, చెయ్యి మొద్దుబారకుండా ఉంటుంది," అన్నాడు. నువ్వు తిట్టినా సరే.

నీ చిట్టి

ప్రియమైన చిట్టీ,

తిట్టడానికి నాకు మొహం ఎక్కడిది? ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. చేరిన కొత్తలో డాక్టర్ల తెల్లకోట్లతో పాటు ఎర్ర దుప్పటి ఒకటి మరిగించాను. కోట్లన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. మా సూపర్‌వైజరమ్మ, "నేనే చూసుకోలేదు," అని తన మీద వేసుకుంది. ఆమెను పనిలోంచి తీసేశారు. రెండేళ్లకు ఆ కుర్చీ నాకే ఇచ్చారు. నీకు రాసిన సలహా ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నదే.

నీ ఉత్తరం చదివి సిగ్గేసింది. ఆమె అడ్రసు కనుక్కుని నిన్న వెళ్లాను. ఆమే తలుపు తీసింది. చెప్పాల్సింది గుమ్మంలోనే చెప్పేశాను. అంతా వింది.

"నువ్వేనని నాకు అప్పుడే తెలుసు," అంది. "ఒక ఏడాది నీకోసం చూశాను. తర్వాత మానేశాను."

లోపలికి రమ్మనలేదు.

నీ అక్క