దాచని బకెట్లు

పిన్నీ,

ఈ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్లూ "ఉన్నది ఉన్నట్టు చూపించండి" అని నువ్వు మొత్తుకున్న మాటే గెలిచింది! తనిఖీ అంటే చాలు, కాన్పుల గదిలో కప్పు నుంచి కారిన నీళ్లు తుడిచేసి, బకెట్లు దాచేసేవాళ్లం. వచ్చినవాళ్లు "అంతా బాగుంది" అని రాసుకుపోయేవాళ్లు. రాష్ట్ర బడ్జెట్‌లో మనకు సున్నా చుట్టేవాళ్లు.

ఈసారి నేను మొండికేశాను. పరువు పోతుందని పెద్ద డాక్టరుగారు చిందులు తొక్కినా బకెట్లు కదపనివ్వలేదు. తనిఖీకి వచ్చిన ఆర్థికశాఖ అధికారి తలెత్తి చూశాడో లేదో, ముక్కు మీదే టప్పున చుక్క పడింది! బడ్జెట్‌లో మన ఆసుపత్రికి కొత్త కప్పు, ఇంకో రెండు మంచాలు కూడా వచ్చాయి. పోయిన నెలే కప్పు వేయడం పూర్తయింది.

నిన్న కుండపోత వాన. లోపల కాన్పు. అలవాటుకొద్దీ రెండు చేతులా బకెట్లతో పరిగెత్తాను పిన్నీ. పెడదామంటే ఒక్క చుక్క పడే చోటు దొరకలేదు!

నీ మొండిఘటం