జ్ఞానమ్మ ఆంటీకి చెప్పిన మాట

అక్టోబర్ 16, గురువారం

హోటల్ బుకింగ్ క్యాన్సిల్ కాదట. కాబట్టి వెళ్తున్నాం.

అక్టోబర్ 17, శుక్రవారం, సాయంత్రం 4

ద్రాక్షతోటల ఊరు హీల్డ్స్‌బర్గ్ వచ్చాం. సన్నీవేల్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్. నేనూ జూడ్ కలిపి పది మాటలు మాట్లాడి ఉంటాం. అందులో నాలుగు జీపీఎస్ మీద విసుగు.

ఇది మా ఇరవయ్యో పెళ్ళిరోజుకి మా అమ్మాయి అబిగేల్ ఇచ్చిన గిఫ్ట్. ఆగస్ట్‌లో న్యూజెర్సీలోని పిస్కాటవేకి కాలేజీకి వెళ్తూ వెళ్తూ బుక్ చేసింది. మమ్మీ, వైన్ తాగకపోతే పర్లేదు, జస్ట్ గ్రేప్స్ చూడండి, అని ఫోన్‌లో ఒకటే పోరు.

ఆరే గదులు. టీవీ లేదు. స్నానాల తొట్టి మంచం పక్కనే ఉంది, అడ్డం గోడ లేదు, కర్టెన్ లేదు. చాలా రొమాంటిక్ అని ఓనర్ డయాన్ చెప్పింది. జూడ్ తొట్టి వైపు ఒకసారి చూసి వైఫై పాస్‌వర్డ్ అడిగాడు.

బల్ల మీద హోటల్ వాళ్ళ కానుక, రెడ్ వైన్ సీసా. మా చర్చిలో ప్రభువు బల్ల ఆరాధనకి కూడా వైన్ బదులు గ్రేప్ జ్యూసే వాడతాం. పైగా జూడ్ సంఘ పెద్ద. సీసా తీసుకెళ్ళి అల్మరాలో ఇస్త్రీ బల్ల వెనక దాచాడు. రేపు చర్చి వాళ్ళ జూమ్ ప్రేయర్‌లో కనిపిస్తే బాగుండదట.

సాయంత్రం 6

రాసేస్తే తేలిగ్గా ఉంటుందేమో. మా కంపెనీ టెక్సస్‌లోని ఫ్రిస్కో ఆఫీస్‌లో నాకు పోస్ట్ ఇచ్చింది. సోమవారం ఉదయం తొమ్మిదిలోగా జవాబు చెప్పాలి. నేను ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నాను. వెళ్తే మళ్ళీ కలిసి ఉండం, అది నాకు తెలుసు. జూడ్‌కి ఇంకా చెప్పలేదు.

గొడవేం లేదు. జూడ్ మంచివాడు. అబిగేల్ వెళ్ళాక ఇంట్లో మాటలు అయిపోయాయి, అంతే.

అసలు మేము మాట్లాడుకునేది ప్రార్థనలోనే. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన, ముందు ఆయన, తర్వాత నేను. జూడ్‌కి బీపీ వచ్చిందని నాకు అలాగే తెలిసింది, నీ దాసుని రక్తపోటును తగ్గించు తండ్రీ అన్నప్పుడు. మా అమ్మ ఆపరేషన్ సంగతి నేనూ అలాగే చెప్పాను. కళ్ళు మూసుకుంటే మా ఇద్దరికీ మాట వస్తుంది. తెరిస్తే రాదు.

ఇవాళ ప్రార్థనలో చెప్పేద్దామనుకున్నాను. ప్రయాణం కోసం స్తోత్రం చెప్పి ఊరుకున్నాను.

అక్టోబర్ 18, శనివారం, ఉదయం 9

బ్రేక్‌ఫాస్ట్ అందరికీ ఒకే పొడవాటి బల్ల మీద. జూడ్ తెలుగులో పైకే ప్రార్థన చేశాడు. ఒహాయో నుంచి వచ్చిన ముసలి జంట మర్యాదగా ఫోర్కులు కింద పెట్టేసింది. కార్ బ్రేకులు అరిగిపోయాయని నాకు ఆ ప్రార్థనలోనే తెలిసింది.

సాయంత్రం 5:40



ఐదింటికి జూమ్ ప్రేయర్. పక్కపక్కనే కూర్చున్నాం, వెనక కిటికీలో ద్రాక్ష తోట. మేము ఏదో ప్రార్థనల రిట్రీట్‌కి వచ్చామనుకుని అందరూ ప్రైజ్ ద లార్డ్ అన్నారు. జూడ్ కాదనలేదు.

చివర జ్ఞానమ్మ ఆంటీ ప్రార్థన. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు, నరసాపురం మనిషి. చర్చిలో సగం మంది గుట్టు ఆవిడ దగ్గరే ఉంటుంది, ఒక్కటీ బయటికి రాలేదు. అందుకే పోయిన నెల ఫ్రిస్కో సంగతి ఆవిడకి ప్రార్థన మనవిగా చెప్పాను. ఎవరికీ తెలియకూడదని మాట కూడా తీసుకున్నాను.

పిల్లల పరీక్షలు, ఎవరిదో వీసా, ఎవరిదో మోకాలు, అన్నీ అయ్యాయి. ఆ తర్వాత అదే గొంతుతో, నీ దాసురాలు పర్సిస్ భర్తకు చెప్పక ఒంటరిగా ఫ్రిస్కో వెళ్ళ తలంచుచున్నది ప్రభువా, ఆ ఇద్దరి నోళ్ళు తెరువుము, అంది. పంతొమ్మిది మంది విన్నారు.

నేను కళ్ళు తెరవలేదు. పక్కన జూడ్ గట్టిగా ఆమెన్ అన్నాడు. లాప్‌టాప్ మూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు.

ఆవిడ మీద ఒళ్ళు మండిపోతోంది. అంతకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

సాయంత్రం 7

వచ్చాడు. ఇవాళ ప్రార్థన లేదు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

అక్టోబర్ 19, ఆదివారం, మధ్యాహ్నం

బ్రేక్‌ఫాస్ట్ దగ్గర జూడ్ తల వంచుకుని కూర్చున్నాడు. ఒహాయో వాళ్ళు మళ్ళీ ఫోర్కులు కింద పెట్టి ఎదురుచూశారు. ఎంతసేపటికీ మాట రాలేదు. పాపం, ముసలాయనే ఆమెన్ అనేసి గుడ్డు తిన్నాడు.

తర్వాత తోటలోకి నడిచాం. కోత అయిపోయింది, తీగలకి ఆకులే ఉన్నాయి. జూడ్ ఆగి నా ముఖంలోకి చూశాడు. కళ్ళ కింద అంత నలుపు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

ఆయనకి ముందే తెలుసట. సెప్టెంబర్‌లో ప్రింటర్‌లో నా ఆఫర్ లెటర్ చూశాడట. ఎందుకడగలేదన్నాను. ప్రార్థనలో చెప్తావనుకున్నాను అన్నాడు. రోజూ సాయంత్రం కళ్ళు మూసుకుని ఇవాళ చెప్తుంది, ఇవాళ చెప్తుంది అని కూర్చున్నాడట. నేను మాత్రం వాతావరణం కోసం, పాస్టర్ గారి నడుం కోసం ప్రార్థన చేసి ఆమెన్ అనేదాన్నట. అది నిజమే.

చివరికి తట్టుకోలేక ఆయన కూడా ఒకరికి ప్రార్థన మనవి ఇచ్చాడట. పర్సిస్ నాతో నోరు తెరిచి ఒక్క మాట చెప్పి వెళ్ళేలా ప్రార్థించండి, అని.

ఎవరికి ఇచ్చాడో నేను అడగలేదు. అడగక్కర్లేదు.

జ్ఞానమ్మ ఆంటీ రెండు మనవులూ నెల రోజులు మోసింది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నీ చెప్పాను, ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, ఎందుకు ఒక్కదాన్నే వెళ్దామనుకున్నానో. కళ్ళు తెరిచే చెప్పాను. జూడ్ మధ్యలో ఒక్కసారి కూడా ఆమెన్ అనలేదు.

అక్టోబర్ 20, సోమవారం, ఉదయం 8:50

ఫ్రిస్కో వాళ్ళని రెండు వారాలు టైం అడిగాను. ఇచ్చారు.

ఇస్త్రీ బల్ల వెనక సీసా మర్చిపోయారని డయాన్ మెసేజ్.

ఈ సాయంత్రం ప్రార్థన వద్దన్నాడు జూడ్. మాట్లాడుకోవాల్సింది చాలా ఉందట.