పచ్చదీపం వెలిగేదాకా

నాయనా,

నువ్వు పోయాక బావిలో మోటారు మళ్లీ ఈరోజే నిలిచిపోయింది. బాగుచేయడానికి తమ్ముడు దిగాలి. షెడ్డులో ఫీజులు పీకి వచ్చాడు.

బావి లోపల ఫోన్‌కు సిగ్నల్ అందదని, హిందూపురంలో సామాన్లు కొని నేను రెండు చిన్న రేడియో డబ్బాలు చేశాను. లైనులో కరెంటు లేనంతసేపూ షెడ్డులోని డబ్బా ఆ కబురు పంపుతూనే ఉంటుంది. అది వరసగా మూడుసార్లు తప్పు లేకుండా అందితేనే గట్టు మీది డబ్బాలో పచ్చదీపం వెలుగుతుంది.

వెలగలేదు.

"నేనే పీకినాను గదక్కా. డబ్బాను నమ్ముతావు, నన్ను నమ్మవా?" అంటూ వాడు మెట్టు మీద కాలు పెట్టాడు. చొక్కా పట్టి వెనక్కి లాగాను. భుజం దగ్గర చిరిగింది.

ఇద్దరం షెడ్డుకు నడిచాం. మూడు ఫీజులూ బయటే ఉన్నాయి. డబ్బా ఏరియల్ తీగను ఎలుక కొరికేసింది.

"చూస్తివా, కరెంటు యాడుండాది? ఊరికే తిప్పితివి."

కొత్త తీగ అతికించాను. గట్టుకు వచ్చేసరికి దీపం వెలుగుతోంది. అప్పుడు దిగనిచ్చాను.

మొదట్లో, కబురేదీ రాకపోతే కరెంటు లేనట్టేనని ప్రోగ్రాం రాశాను. రాసిన పూటే చెరిపేశాను.

నువ్వు పోయిన రోజు ఫీజులు తీయడానికి షెడ్డులో ఉన్నది నేను. "తీసినావా పాపా?" అని బావిలోంచి నువ్వు మూడుసార్లు అడిగావట. పక్క చేనులో కలుపు తీస్తున్న అవ్వకు వినిపించింది. నాకు వినిపించలేదు. నేను పలకలేదు. పలకకపోతే తీసేసినట్టేనని నువ్వు తీగ పట్టుకున్నావు.