కాశప్ప కప్పుకు నా వయసు

సౌభాగ్యవతి గిరిజకు, ఎమ్మిగనూరు నుంచి నీ మొగుడు మద్దిలేటి రాసుకునే జాబు. ఈడ నేను, మగ్గం, దొంగపిల్లి ముగ్గురం బాగుండాము. ఆదోనిలో నువ్వు, ఆపరేషన్ అయిన అత్త మోకాలు బాగుండాలని కోరుతాను. ఫోన్ చేయకుండా జాబు ఏందంటావా? ఫోనైతే సగంలోనే పెట్టేస్తావు. కాగితమైతే తిట్టుకుంటూనైనా కడదాకా చదువుతావు.

ఈడికొచ్చిన మాదన్నతో పంపిన చీటీలో నువ్వు మూడు సంగతులు అడిగినావు. చీర మగ్గం మీద నుంచి దించినాను. కుక్కర్ మాడ్చినాను. పక్కింటి మహేశ్వరి చెప్పులు గోడ మీద పెట్టింది నేను కాదంటే ఎట్లాగూ నమ్మవు, కాబట్టి నేనే.

ఇంక అసలు సంగతి. మీ నాయన పేరు మీద కప్పు పెట్టినారు గిరిజా! కాశప్ప స్మారక బాల్ బ్యాడ్మింటన్ కప్పు. యాభై నిండినోళ్లకే. ఈ ఆదివారం హైస్కూలు గ్రౌండులో, ఆదోని ముసలోళ్లకూ మన ముసలోళ్లకూ పోటీ. అంతా మీ తమ్ముడు రఘునాథే చూస్తాండాడు. మీ నాయన మాకు బ్యాటు పట్టేది నేర్పిన గ్రౌండు కదా, ఆ పసుపు ఉన్నిబంతి చేతికి తగిలేసరికి ఒళ్లు జల్లుమనె. పేరు రాయించేదానికి ఉరికితి.

రఘునాథ్ నా ఆధార్ చూసి నవ్వినాడు. "బావా, నీకు నలభై ఎనిమిదే. ఇంకా రెండేండ్లు పక్కన కూచోని చప్పట్లు కొట్టు పో."

ఇప్పుడు చెప్తాండా, కూచోని చదువు. నాకు యాభై రెండు. పెండ్లిచూపుల్లో మీ నాయన, "పిల్లకు పంతొమ్మిది. పిల్లోనికి ఇరవై మూడు దాటితే ఇయ్యను" అనె. నాకు ఇరవై ఏడు. నువ్వేమో కాఫీ గ్లాసులు పట్టుకోని నిలబడి ఉంటివి. వందమంది పిల్లోళ్లకు ఆట నేర్పినాయనకు నా వయసు యాడ గుర్తుంటుందిలే అని ఇరవై మూడంటి. ఆధార్‌లోనూ ఆ లెక్కే రాయిస్తి. పాతికేండ్లలో నీతో ఎన్ని వేషాలేసినా మరుసటి రోజు ఒప్పుకున్నా. ఇదొక్కటి ఒప్పుకోలా. భయం.

కప్పు కోసం అందరి ముందర అరిచేస్తి, "నాకు యాభై రెండప్పా!" అని. ఒక్కడూ నమ్మలా.

"ఈయప్ప ఆట కోసం నూరేండ్లని కూడా అంటాడు" అని మన టీము గోవిందన్న కడుపు పట్టుకోని నవ్వె. జన్మకొకసారి నిజం చెప్తే ఇదీ నా బతుకు!

అప్పుడు రఘునాథ్ మీ నాయన పాత నోటుబుక్కు తీసినాడు. పాత ఆటగాళ్ల పేర్లు మైకులో చదివేదానికి తెచ్చినాడంట. ఒక పేజీ కాడ ఆగిపోయి, నా తట్టు చూసి చదివినాడు. "1987. మద్దిలేటి. పదైదేండ్లు. ఎడమపక్క ఆడతాడు. నోరెక్కువ."

మీ నాయన చేతిరాతే గిరిజా! అంటే పెండ్లిచూపుల పొద్దే ఆయనకు నా వయసు తెలుసు. "ఎన్నేండ్లప్పా?" అని మూడుసార్లు అడిగె, మీసాల కింద నవ్వుకుంటా. నేను చెమటలు కారుస్తా మూడుసార్లూ ఇరవై మూడంటి. ఊరందర్నీ ఆడించేటోన్ని నన్ను ఆయన ఆడించె. పోయేదాకా ఒక్క మాట అనలా, పిల్లనిచ్చిన మారాజు!

ఆయన ఒప్పుకున్నాడని నువ్వూ ఒప్పుకోవాలని లేదు. కోపమొస్తే న్యాయమే. టీములో నా పేరు రాసినారు, వయసు గడి మాత్రం నేనే ఖాళీ పెట్టించినా. ఆదివారం పొద్దున తొమ్మిదికి ఆట. అత్తను మీ తమ్ముని పెండ్లాం జ్యోత్స్నకు అప్పజెప్పి మొదటి బస్సుకు రా. ఆ గడి నీ చేత్తో నింపితేనే బ్యాటు పడతా. లేదంటే పక్కన కూచోని చప్పట్లు కొడతా.

ఇట్లు,
నీకంటే ఎనిమిదేండ్లు పెద్దోడు,
నీ మొగుడు మద్దిలేటి