అల్లికల క్లాసులో ఉండగా సైరన్ మోగింది

అత్తా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ కొడుకు డ్యూటీకెల్లాడు. నీకు ఒకటి చెప్పాలనుంది.

మన క్వార్టర్ల ఆడోళ్లం రైల్వే ఇనిస్టిట్యూటులో ఉన్ని అల్లడం నేర్చుకుంటన్నాం. గార్డు గారి దొరసాని నేర్పతంది. క్రిస్మస్‌కి రైల్వే ఆస్పత్రి పిల్లలకి ఇవ్వడానికి అందరం కలిసి టోపీలు అల్లతన్నాం.

నిన్న మధ్యాహ్నం అల్లతా ఉండగా ఇంజన్ల షెడ్డులో సైరన్ మోగింది. ఆగకుండా మోగింది. ఎక్కడో బండి పడిపోయిందని అందరికీ తెలుసు, కానీ ఒక్కరూ లేవలేదు. బయటికెల్తే ఎవరి పేరు వినాల్సొస్తాదో అని.

"ఏ లైనో ఏటో?" అంది పక్కింటి సూరమ్మ.

"కట్నీ లైను," అన్నాడు గుమ్మంలోకొచ్చిన ప్యూను.

నీ కొడుకు ఇంజన్ మీద ఫైర్‌మేనుగా ఎల్లింది ఆ లైను బండికే. దొరసాని మొగుడు గార్డుగా ఎల్లిందీ ఆ బండికే. ఆవిడ నా పక్కనొచ్చి కూర్చుంది. "అల్లు బేటీ, ఆపకు," అంది. ఆవిడ మాత్రం అల్లిన వరసే విప్పి మళ్లీ అల్లతంది.

సాయంత్రానికి ఇద్దరూ ఇళ్లకొచ్చీశారు. మధ్య పెట్టెలు పట్టాలు తప్పాయంట, ఎవరికీ ఏటీ అవలేదు.

"ఏటలా చూస్తన్నావు? అన్నం పెట్టు," అన్నాడు నీ కొడుకు. కంచం పెట్టాను.

ఇయ్యాల మళ్లీ అదే లైనుకెల్లాడు.

మామ బండి మీద ఉండగా సైరన్ మోగితే నువ్వు చేటలో పప్పు పోసుకుని ఏరతా కూర్చునేదానివి. నీకు భయమే లేదనుకునేదాన్ని. మామ ఇంటికొచ్చాక ఆ పప్పు నేను మళ్లీ ఏరేదాన్ని. రాళ్లన్నీ అందులోనే ఉండేవి, అత్తా.