తడిక కింద పాదాలు

ఫొటోలు తీసే అయ్యగారికి,

పోయిన నెల టమాటా తోట పక్కన, మా గుడిసె ముందు మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీశారు. నడుముకు కొంగు దోపుకుని ముందు నిలబడ్డదాన్ని నేనే. అది పేపర్లో పడిందని కొట్టువాడు ఉప్పు కట్టిచ్చిన కాగితం విప్పితే తెలిసింది. వాడికేం, ఎవరి మొహమైనా పొట్లమే. మీ చిరునామా తెలియక పేపరు ఆఫీసుకే రాస్తున్నాను.

ఫొటో కింద "పని కోసం వలస వచ్చిన నలుగురు" అని వేశారు. మేం ఐదుగురమండీ.

మిమ్మల్ని చూసి, మమ్మల్ని కూలికి పెట్టిన మేస్త్రీ పంపిన మనిషనుకున్నాం. టమాటా ధర పడిపోయింది, కూలీల్లో సగం మందిని తీసేస్తారని అప్పటికే అంటున్నారు. ముసలివాళ్లుంటే ముందు వాళ్ల జట్టునే పొమ్మంటారు. అందుకే మా మామగారిని తడిక వెనక్కి పంపి, "దగ్గొచ్చినా ఆపుకో మామా" అన్నాను.

"నన్ను చూస్తే కెమెరా పగిలిపోతుందా ఏంటమ్మా" అని నవ్వారు. మీరు వెళ్లేదాకా దగ్గలేదు.

మొన్న ఆ దగ్గుతోనే పోయారు. ఆయనది ఒక్క ఫొటో కూడా లేదు. మా ఆయన ఆ కాగితాన్ని చూసీ చూసీ, తడిక కింద రెండు పాదాలు కనిపెట్టాడు. బొటనవేలికి గుడ్డపీలిక ఉంది. నేను కట్టిందే.

మా మొహాలు అక్కర్లేదు. ఆ పాదాలు పెద్దవి చేసి, తోట ఎదురుగా ఉన్న కొట్టుకు పంపండి.

ఇంకెక్కడైనా గుడిసెల దగ్గరికి వెళ్తే, ముందు మీరెవరో చెప్పండి. తడిక వెనకున్నవాళ్లు కూడా బయటికొస్తారు.

ఇట్లు,
ముందు నిలబడ్డ కోడలు